సబ్బు బుడగల ప్రయోగం

విజయదుర్గకు యాసిడ్ అంటే ప్రాణభయం. చిన్నప్పుడు ఐనవిల్లిలో వాళ్ళింట్లో బాత్రూము కడిగే యాసిడ్ సీసా తల్లి చేతిలోంచి జారి పగిలింది. నాపరాళ్ళ మీద అది బుసబుసమని పొంగింది. తల్లి పాదం మీద చర్మం ఊడి వచ్చేసింది. ఆ కేక విజయదుర్గ చెవుల్లోంచి ఇంతవరకూ పోలేదు.

అలాంటి మనిషి సైన్సు టీచరైంది. మలికిపురం దగ్గరి ఊళ్ళో హైస్కూల్లో ఏళ్ళ తరబడి రసాయనశాస్త్రమంతా బోర్డు మీదే నడిపించింది. బొమ్మ వేసేది, బాణం గుర్తులు పెట్టేది. ల్యాబు గది తలుపు మాత్రం తీసేది కాదు.

ఒకరోజు పదో తరగతిలో అనిత లేచి నిలబడింది. సముద్రం మీద చేపల వేటకు వెళ్ళే శ్రీరాములు కూతురు ఆ పిల్ల.

"జింకు ముక్కల మీద యాసిడ్ పోస్తే హైడ్రోజన్ వస్తదన్నారు కదండీ మేడమ్ గారూ. మంట పెడితే నిజంగానే టప్పుమంటదాండీ? మీరు విన్నారాండీ?"

విజయదుర్గ విన్నది ఒక్కసారే, కాలేజీలో, అందరి వెనకా చెవులు మూసుకుని. ఆ మాట చెప్పలేక, "రేపు చేసి చూపిస్తానమ్మా" అనేసింది.

మర్నాడు ల్యాబులో పిల్లలు బల్ల చుట్టూ మూగారు. ఫ్లాస్కులో జింకు ముక్కలు వేసి పలచని యాసిడ్ పోస్తుంటే సీసా మూతి గాజుకు తగిలి టకటకలాడింది. గొట్టం గుచ్చిన బిరడా బిగించి, ఆ గొట్టం కొసను సబ్బునీళ్ళలో ముంచింది. బుడగలు లేచాయి. పైకి తేలిన బుడగకు కొవ్వొత్తి చూపించింది.

టప్!

పిల్లలు ఈలలు వేశారు. "ఇంకోసారండీ! ఇంకోసారి!"

వాళ్ళ సంబరం చూసి ఆమెకూ ధైర్యం వచ్చింది. బుడగలు తగ్గిపోవడంతో బిరడా తీసి ఇంకాస్త జింకు, యాసిడ్ వేసి మళ్ళీ బిగించింది. కొవ్వొత్తి అనితకిచ్చింది. బిరడా తీసినప్పుడు ఫ్లాస్కులోకి గాలి చేరుతుందని, హైడ్రోజన్‌తో కలిసిన ఆ గాలికి మంట తగిలితే పేలుతుందని, అది బయటికి పోయేదాకా ఆగాలని ఆమెకు తెలుసు. ఆ మాట చెబుదామని నోరు తెరిచేలోపే అనిత గొట్టాన్ని సబ్బునీళ్ళలోంచి పైకి తీసి, దాని మూతికే మంట పెట్టింది.

ఫ్లాస్కు పేలింది. గాజుముక్కలూ యాసిడూ చుట్టూ చిమ్మాయి.

ఒక్క క్షణం ఏమీ వినపడలేదు. తర్వాత అనిత అరుపు. రెండు చేతులతో కన్ను మూసుకుని ఆ పిల్ల నేలమీద కూలబడింది. విజయదుర్గకు తల్లి కేకే మళ్ళీ విన్నట్టయింది. పారిపోవాలనిపించింది.

పారిపోలేదు. అనితను చంకల కింద పట్టుకుని ఈడ్చుకుంటూ కుళాయి దగ్గరికి పోయింది. కుళాయిలో చుక్క నీరు లేదు. అక్కడినుంచి అనితను పట్టుకుని ఆవరణలో ఉన్న బోరింగు పంపు దగ్గరికి పరిగెత్తింది.

"కొట్టండ్రా! ఆపకుండా కొట్టండి!" అని పిల్లల మీద అరిచింది. అనిత తల ఒడిలో పెట్టుకుని, మూసుకుపోతున్న రెప్పను వేళ్ళతో విప్పి పట్టుకుని నీళ్ళు పోస్తూనే ఉంది.

"మంటండీ మేడమ్ గారూ! కన్ను పోయిందాండీ?"

"పోలేదమ్మా, పోలేదు" అంటోంది కానీ, ఆ సంగతి ఆమెకు మాత్రం ఏం తెలుసు? అంబులెన్సు వచ్చేదాకా నీళ్ళు ఆపలేదు. తన మోచేతిలో గాజుముక్క దిగి రక్తం కారుతోందని ఎవరో చెబితే గాని తెలియలేదు.

అమలాపురం ఆసుపత్రి వరండాలో ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. లోపల డాక్టరు ఏం చెబుతారోనని ఒక భయం, శ్రీరాములు వస్తాడని ఇంకో భయం. అతను వచ్చాడు, సముద్రపు తడి ఆరని లుంగీతోనే. ముందు లోపలికి వెళ్ళి చాలాసేపటికి గాని బయటికి రాలేదు.

"కన్నుకి ఏం పర్లేదన్నారండీ. వెంటనే నీళ్ళు కొట్టబట్టి దక్కిందంటన్నారు" అన్నాడు. ఆమె ఊపిరి పీల్చుకునేలోపే గొంతు పెంచాడు. "అయితే మేడమ్ గారూ, చిన్నపిల్ల చేతికి ఆ మంట ఎందుకిచ్చేరండీ?"

విజయదుర్గ తల వంచుకుంది. "నాదే తప్పండీ."

అతను ఆమె మోచేతి కట్టు వంక చూసి, పక్కనున్న బల్ల చూపించి, "కూకోండి. పడిపోయేలాగున్నారు" అన్నాడు.

ఇంక ల్యాబు గది గుమ్మం తొక్కకూడదనుకుంది విజయదుర్గ. కానీ అనిత నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని బడికి వచ్చిన రోజున క్లాసంతా గుసగుసలాడింది. యాసిడ్ పేరెత్తితేనే వెనక్కి జరుగుతున్నారు. తన భయం పిల్లలందరికీ అంటుకుందని ఆమెకు అర్థమైంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కొన్నాళ్ళకు ల్యాబు మళ్ళీ తెరిచింది. పిల్లలందరికీ రక్షణ కళ్ళద్దాలు తెప్పించింది. బల్ల పక్కన రెండు బకెట్ల నీళ్ళు పెట్టించి, పిల్లల్ని గోడ దాకా జరిపింది. కొవ్వొత్తిని పొడుగాటి కర్ర చివర కట్టి తనే పట్టుకుంది. జింకు మీద యాసిడ్ పోసి బిరడా బిగించాక, బుడగలు లేస్తున్నా మంట చూపించకుండా ఆగింది.

"ఎందుకు ఆగానో చెప్పండి?" అంది.

"లోపలి గాలి పోవాలండీ!" అన్నారు పిల్లలంతా.

"ఆయ్, అంతే" అంది ఆమె. ఇంకాసేపు ఆగి, గాలిలోకి లేచిన బుడగ వైపు కర్ర చాచింది.