మూడుసార్లు ఊ అన్నాను

దెయ్యం, గాలి, ధూళి నేను ఏనాడూ నమ్మలేదు. ఆదోనిలో మాది పత్తి వ్యాపారం. దూది చేతిలోకి తీసుకొని, పీచు లాగి చూస్తే గాని మాట చెప్పే అలవాటు లేదు. ఈ పొద్దు కూడా నమ్మమని ఎవరికీ చెప్పను. జరిగింది జరిగినట్టు రాస్తాను, అంతే.

పోయిన ఉగాది అయిన వారం. మార్కెట్‌కు సరుకు పెద్దగా రావడం లేదు. నా భార్య సుజాత ఎమ్మిగనూరులో టీచరు, పొద్దున్నే బస్సుకు పోయింది. మా అమ్మ పుట్టిల్లు కన్నడ సీమ అంచున ఉన్న హొళగుంద. చెల్లెలిని చూసి వస్తానంటే నేనే పాపను ముందు కూర్చోబెట్టుకొని, బండి మీద తీసుకుపోయి బస్సు ఎక్కించి వచ్చినాను. ఇంట్లో నేను, రెండేళ్ల పాప. పాప బయటికి పోకుండా వీధి తలుపు గడియ వేసినాను.

ఆ రోజు మా వీధికి కుళాయి నీళ్లు వచ్చే రోజు. పెరట్లో సంపు మూత జరిపి, పైపు వేసి, హాల్లో కూర్చున్నాను. పాప నా కాళ్ల దగ్గర గిన్నెలతో ఆడుకుంటాంది. ఫోన్ తీసినాను.

ఒక్కటి చూసి పెట్టేద్దామనే ఎవరమైనా తీస్తాం. వీడియో బాగుంటే, తర్వాతది ఇంకా బాగుంటుందేమో అనిపిస్తుంది. బాగలేకుంటే, వచ్చేదన్నా బాగుంటుందేమో అనిపిస్తుంది. ఎట్లయినా వేలు ఆగదు. ఆ పొద్దు చూసినవాటిలో ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు.

"పాపను చూడప్పా" అనింది అమ్మ, నా వెనక నుంచి.

"ఊ" అన్నాను.

కాసేపటికి మళ్లీ, "పాప యాడుందో చూడప్పా."

"ఊ, చూస్తాలేమ్మా." తల ఎత్తలేదు.

మూడోసారి గొంతులో కోపం. కోపమొస్తే అమ్మకు కన్నడమే వస్తుంది. "మగు నోడో!" పాపను చూడరా అని. దానికీ ఊ అన్నాను.

నాలుగోసారి మాట లేదు. మణికట్టు మీద దెబ్బ పడింది. ఫోన్ ఎగిరి గోడకు తగిలింది. అప్పుడు తల ఎత్తినాను.

హాల్లో ఎవరూ లేరు. పెరటి తలుపు తెరిచే ఉంది. పెరట్లో పాప సంపు అంచున బోర్లా పడుకొని నీళ్లకు చెయ్యి చాపుతాంది. తల, భుజాలు లోపలికి వంగిపోయినాయి. ఎట్ల పరిగెత్తినానో తెలీదు, గౌను పట్టి వెనక్కి లాగినాను.

పాపను ఎత్తుకొని "అమ్మా, అమ్మా" అంటా ఇల్లంతా తిరిగినాను. అప్పుడు గుర్తొచ్చింది, అమ్మను బస్సు ఎక్కించింది నేనే అని. వీధి తలుపు గడియ వేసింది వేసినట్టే ఉంది. పెరటి గోడ నాకంటే ఎత్తు. పగిలిన ఫోన్‌తోనే చిన్నమ్మకు చేసినాను. "మీ అమ్మ ఈడనే ఉంది, రొట్టెలు తడతాంది" అనింది.

సాయంత్రం సుజాత వచ్చేటప్పటికి కూడా నా మణికట్టు ఎర్రగా కంది ఉంది. చూసి, ఏమైందని ఆమే అడిగింది.

సుజాత స్కూల్లో పనిచేసే పెద్దాయన ఒకరు సైకాలజీ చదివినారు. ఆయనకు చెప్పినాను. "ఫోన్‌లో మునిగినా చెవి పని చేస్తానే ఉంటుంది. నీళ్ల చప్పుడు, పాప అడుగులు విన్నావు. నీ భయమే మీ అమ్మ గొంతుతో పలికింది. ఫోన్ కూడా నువ్వే విసిరింటావు" అన్నాడు. మంచి మాటే. కానీ అప్పుడు నా కుడిచేతిలో ఫోన్ ఉంది. ఎడమచెయ్యి తల వెనక పెట్టుకొని కూర్చున్నాను. ఆ దెబ్బ నేను కొట్టుకోలేదు. ఇది మాత్రం ఎవరు అడిగినా గట్టిగా చెప్తాను.

మరుసటి రోజు అమ్మ వచ్చింది. అంతా చెప్పినాను. ఆ గొంతు ఎవరిదని ఆమె అడగలేదు. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకొని చానాసేపు జుట్టు నిమిరింది.

"మూడుసార్లు పిలిచినా తల ఎత్తలేదా నాయనా?" అనింది.

పిలిచింది ఎవరో నాకు ఇప్పటికీ తెలీదు. తెలీకపోయినా బతకగలను. కానీ పాపను చూడమన్న మాట నాకు వినబడింది, అర్థమైంది, జవాబు కూడా ఇచ్చినాను. అయినా తల ఎందుకు ఎత్తలేదో, అదే నాకు అంతుపట్టడం లేదు.