కాలరు లైనుకు ఎర్రజెండా

హిందూపురం పక్కన చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో నాది కాలరు మిషను. మా లైను సూపర్‌వైజరు గుడిబండ నుంచి వచ్చే ఒక అక్క. ఆమె గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. పక్కవాళ్ల పని కూడా అందరికీ నేర్పించింది. ఒకరి దగ్గర బట్టలు కుప్ప పడితే ముందామె కొన్ని, వెనకామె కొన్ని లాక్కుని కుట్టేసేవాళ్లం. అడగడం, బతిమాలడం ఉండేవి కావు.

మాలో ఒక పిల్ల కాన్పయ్యాక మళ్లీ పనికొచ్చింది. బిడ్డను అవ్వ దగ్గర వదిలి పెనుకొండ నుంచి కంపెనీ బస్సులో వచ్చేది. పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసినప్పుడల్లా బాత్‌రూముకు పరిగెత్తేది. ఆమె తిరిగొచ్చేదాకా ఆమె పని మా చేతుల్లో నడిచేది.

అప్పుడు కొత్త మేనేజరు దిగాడు. మనుషుల్లో ఉత్సాహం నింపే విద్య ఎక్కడో నేర్చుకొచ్చాడట. ఎవరు వెనకబడితే వాళ్ల మిషను మీద చిన్న ఎర్రజెండా, మైకులో పేరు. ఇంకొకరి పని ముట్టుకోకూడదు. మా నాయన కాలంలో ఎర్రజెండా కూలోళ్లు పట్టుకునేవాళ్లు, ఈ మహానుభావుడు దాన్ని కూలోళ్ల నెత్తినే నాటాడు.

మొదటి జెండా ఆ బాలింతకే వచ్చింది. పెట్టమని అక్క చేతికిచ్చాడు. అక్క దాన్ని తీసుకెళ్లి తన బల్ల మీదే పెట్టుకుంది.

“ఆ పిల్ల వెనకబడిందంటే నేను వెనకబడినట్లే సార్. నాకే పెట్టుకుంటాండా.”

“మంచిది. ఈ వారం టార్గెట్ రాకపోతే నువ్వు మళ్లీ రానక్కర్లేదు,” అన్నాడు, నవ్వుతూ. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండిపోయింది.

అక్క పోతే మాకు ఆ ఫ్యాక్టరీలో దిక్కెవరు? బాత్‌రూముకు లేవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేశాం. సూది వేలిలో దిగితే గుడ్డపీలిక చుట్టుకుని కుట్టాం. ఆ పిల్ల అయితే జాకెట్టులో గుడ్డలు మడిచి పెట్టుకుని కూర్చుంది. పాలు గడ్డకట్టి జ్వరమొచ్చినా ఎవరికీ చెప్పలేదు. శనివారానికి టార్గెట్ దాటేశాం. ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం కూడా.

సాయంత్రం మేనేజరు అన్ని లైన్లవాళ్లనూ పిలిచి మాకు చప్పట్లు కొట్టించాడు.

“చూశారా? ఒక్క జెండా పెడితే ఈ లైను ఎట్లా పరిగెత్తిందో! సోమవారం నుంచి అన్ని లైన్లకూ జెండాలే.” మిగతా సూపర్‌వైజర్లకు ఈ పద్ధతి నేర్పించమని అక్కకే చెప్పాడు.

అక్క మెడలో కార్డు తీసి ఆయన బల్ల మీద పెట్టి బయటికి నడిచింది.

బస్సు దగ్గర ఆ పిల్ల అక్క చెయ్యి పట్టుకుంది. జ్వరానికి వణుకుతోంది. “నువ్వు ఉండాలనే కదక్కా అంత కుట్టింది! యాడికి పోతాండావు?”

అక్క ఆమె నుదురు తాకి చూసింది. తన కొంగు తీసి ఆమె చెవుల చుట్టూ కప్పింది.

“తెలుసు లేమ్మా. మీరు కుట్టకుండా ఉండింటే నేనొక్కదాన్నే పోయింటి. ఇప్పుడు ఆ జెండా అందరికీ తగులుకునె.”