తోడల్లుణ్ణి కోసేసిన వీడియో

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. సామెత కట్టినవాడు ఎవడో ఆడవాళ్ళని చూసి కట్టాడు. వీధి చివర వీడియో షాపాయన్ని చూసుంటే మార్చి కట్టేవాడు. ఆయన్ని అత్తగారు ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. తోడల్లుడు నవ్వాడు, అంతే. అదీ ఈయన్ని చూసి నవ్వలేదు. ఊరికే నవ్వాడు. వాడి మొహమే అంత, పళ్ళు ఎప్పుడూ బయటే ఉంటాయి.

ఆ ఇంటికి ఈయన పెద్దల్లుడు. కెమెరా భుజానేసుకుని పెళ్ళిళ్ళకీ పుట్టినరోజులకీ వెళ్తాడు. తీసిందంతా షాపులో కూర్చుని అక్కర్లేనిది కోసి, కావలసింది అతికి, డీవీడీ చేసి ఇస్తాడు. చిన్నల్లుడు సెల్‌ఫోన్ల షోరూంలో పనిచేస్తాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, ఎవరొచ్చినా ఎదురెళ్ళి పలకరింపు. అత్తగారు ఈయన్ని "అల్లుడు గారూ" అంటుంది, వాణ్ణి "చిన్నబాబూ" అంటుంది. ఈయన ఒళ్ళు అక్కడే మండుతుంది.

"మర్యాద నాకూ, ముద్దు వాడికీనా?" అని భార్య మీద పడేవాడు.

"మీరు వచ్చినప్పట్నుంచీ మూతి ముడుచుకుని కూర్చుంటే ముద్దెక్కణ్ణుంచి వస్తుందండీ?" అనేది ఆవిడ.

అలా రగులుతూ ఉండగా అత్తగారు మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ తప్పదన్నారు. ఆసుపత్రి మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల కూడా ఎత్తొద్దన్నారు. ఆవిడకి లోపల భయం పట్టుకుంది. పైకి చెప్పలేదు గానీ ఒకటే మాట పదేపదే అంది.

"ఆయన రిటైరైన రోజు వీడియో ఒక్కసారి చూసి లోపలికెళ్తాను. మళ్ళీ లేస్తానో లేదో ఎవరికి తెలుసు?"

ఆయనంటే మామగారు. బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి, రిటైరైన తర్వాత ఎక్కువకాలం బతకలేదు. ఆయన కదులుతూ, మాట్లాడుతూ కనిపించేది ఆ ఒక్క వీడియోలోనే. తీసింది పెద్దల్లుడు. డిస్కు ఈయన బీరువాలోనే ఉంది. విన్న వెంటనే ఈయన ఛాతీ కాస్త పొంగింది. ఈసారైనా అత్తగారికి కావలసింది తన దగ్గరుంది, వాడి దగ్గర లేదు.

ఆ పొంగు ఎంతోసేపు నిలవలేదు. సాయంత్రానికల్లా చిన్నల్లుడు అరచేతిలో పట్టే వీడియో ప్లేయరు పట్టుకొచ్చాడు.

"పడుకునే చూడొచ్చు అత్తయ్యా. ఇలా మొహం మీదకి పెట్టుకుంటే చాలు" అన్నాడు. తర్వాత ఈయన వైపు తిరిగి, "అన్నయ్యా, ఆ డిస్కు ఒకసారి ఇవ్వండి, దీన్లోకి ఎక్కించి తెస్తాను" అన్నాడు, పళ్ళన్నీ కనిపించేలా.

"డిస్కు బయటికివ్వను. గీతలు పడతాయి. అయినా నాకు చేతకాదనుకున్నావా? పొద్దున లేస్తే నేను చేసేదదే కదా."

"అయ్యో, ఆ మాట నేనెప్పుడన్నాను? ఒక సాఫ్ట్‌వేర్ ఉందన్నయ్యా, డబ్బులు కట్టక్కర్లేదు. దాన్లో ప్లేయర్ల పేర్లు వరసగా ఉంటాయి. ఈ ప్లేయరు పేరు మీద నొక్కండి, ఇంకేదీ ముట్టుకోకండి. దానంతటదే చేసుకుపోతుంది."

ఇంకేదీ ముట్టుకోకండిట! ఊహ తెలిసినప్పట్నుంచీ వీడియోలు కోస్తున్నవాడితో చెప్పే మాటేనా అది? ప్లేయరు జేబులో పెట్టుకుని, వాడు చెప్పిన దాని జోలికి మాత్రం చచ్చినా పోకూడదనుకుంటూ షాపుకి వచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం షట్టరు సగం దించి పనిలో కూర్చున్నాడు. ముందు ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చి చూశాడు. అది చకచకా మార్చేసింది గానీ, కొనలేదన్న కోపంతో కాబోలు, బొమ్మ నడిమధ్యన తన కంపెనీ పేరు అచ్చేసింది. మామగారి నుదుటి మీద ఇంతింత అక్షరాలు. తీసి అవతల పారేశాడు. ఇంకొకటి తెచ్చాడు. దాన్లో బొమ్మ వచ్చేది, ఆ వెనకెప్పుడో తీరిగ్గా మాట వచ్చేది. మామగారు నోరు మూసుకున్నాక ఆయన గొంతు వినిపించేది. అదీ పోయింది. ఇక మిగిలింది తోడల్లుడు చెప్పింది. దాన్ని మినహాయించి వెతకగా వెతకగా మరొకటి దొరికింది. దాన్లో పక్కన ఒక చిన్న కత్తెర బొమ్మ ఉంది. నొక్కితే బొమ్మ చుట్టూ చుక్కల గీత వచ్చింది. ఏ వైపు నుంచైనా ఆ గీతని లోపలికి లాగొచ్చు. గీత బయట ఉన్నదంతా పోతుంది.

ఈయన కళ్ళు కుడివైపు ఆగిపోయాయి.

కుడివైపు చిన్నల్లుడు ఉన్నాడు. అప్పటికి కొత్తగా పెళ్ళైనవాడు. వీడియో మొదట్నుంచి చివరిదాకా మామగారి భుజానికి అంటుకుపోయి ఉన్నాడు. ఆయన నడిస్తే వీడు నడిచాడు, ఆయన కూర్చుంటే వీడు కుర్చీ జరిపాడు. ఆ రోజంతా కెమెరా మోసి చెమటోడ్చినవాడు మాత్రం వీడియోలో వెతికినా కనపడడు. తీసేవాడు బొమ్మలో ఎలా ఉంటాడు? చూసినవాళ్ళంతా ఆ ఇంటికి ఒక్కడే అల్లుడనుకోరూ?

'ప్లేయరు తెర పొట్టిది. బొమ్మ వెడల్పు. మొత్తం ఎక్కిస్తే పైనా కిందా నల్లపట్టీలు వస్తాయి, మామగారు చీమంత కనిపిస్తారు. ఒక పక్క కోస్తే తెర నిండుగా ఉంటుంది. పని తెలిసినవాడు చేసేదదే' అని తనకి తనే చెప్పుకున్నాడు. అబద్ధమేం కాదు. నిజంగానే పట్టీలు వస్తాయి. కాకపోతే ఎడమపక్క కూడా కోయొచ్చు కదా అన్న ఆలోచన ఆయనకి రాలేదు.

చుక్కల గీతని కుడి నుంచి లోపలికి లాగాడు. తోడల్లుడి చెవి పోయింది, దవడ పోయింది, ఆ పళ్ళూ పోయాయి. ఎంత హాయి! మొదటి నిమిషం చూసుకుని, బాగుందనుకుని, మొత్తం అలాగే మార్చమని నొక్కేశాడు. కస్టమర్ల పనైతే చివరిదాకా చూసేవాడు. ఇది ఇంటి పని కదా.

సాయంత్రం ఆసుపత్రిలో అందరూ ఉన్నారు. ఆపరేషన్ తెల్లవారాక. ఈయనే ప్లేయరు అత్తగారి మొహం ముందు పట్టుకున్నాడు. కూతుళ్ళు చెరోపక్కా వంగారు. తెర నిండా మామగారు, పట్టీల్లేవు.

"అబ్బ, ఎంత నిండుగా వచ్చిందో!" అంది అత్తగారు. ఈయన తోడల్లుడి వైపు ఓరగా చూశాడు. వాడు నవ్వుతున్నాడు, వెధవ.

"ఇప్పుడు చూడండే, ఇప్పుడే ఇస్తారు" అంది అత్తగారు కూతుళ్ళతో.

తెర మీద మామగారికి డిపో వాళ్ళు పూలగుత్తి ఇచ్చారు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "ఇది నాది కాదు. నా బట్టల గ్రీజు ఉతికిన చేతులది" అన్నాడు. కుడివైపు చెయ్యి చాచాడు. ఆ చెయ్యి మణికట్టు దాకా కనిపించింది. తర్వాత తెర అయిపోయింది. చెయ్యి వెనక్కి వచ్చేసరికి పూలగుత్తి లేదు.

అత్తగారు కళ్ళు చిట్లించి తెర అంచంతా వెతికింది.

"నాకే కదే ఇచ్చారు? నేనక్కడే ఉన్నానుగా, చిన్నబాబు వెనకాల" అంది. "మరి నేను లేనేంటి? ఇవ్వలేదా? ఇన్నాళ్ళూ నేనే అలా అనుకున్నానా?"

పెద్దల్లుడికి అప్పుడు తెలిసొచ్చింది. అత్తగారు పొట్టి మనిషి. పొడుగు వెధవ వెనకాల నిలబడింది. కోసినప్పుడు వాణ్ణే చూశాడు గానీ వాడి వెనక ఎవరున్నారో చూడలేదు.

చిన్నల్లుడు తెర వంకా, ఈయన వంకా చూశాడు. వాడికి అంతా అర్థమైపోయింది.

"చిన్న తెర కదా అత్తయ్యా, అంచులు తెగిపోతాయి. ప్లేయరుదే తప్పు. అన్నయ్యేం చేస్తారు పాపం" అన్నాడు.

ఆ 'పాపం' ఒక్కటీ లేకపోతే ఈయన గుటకేసి ఊరుకునేవాడే. వాడి జాలితో బతికిపోవాలా? అంతకన్నా తన్నులు తినడం నయం.

"ప్లేయరు తప్పేం కాదు. నేనే కోశాను. వీణ్ణి కోసేద్దామని కోశాను. వెనకాల మీరున్నారని చూసుకోలేదు."

పక్క మంచం ముసలమ్మ పళ్ళెం పక్కన పెట్టి మరీ ఇటు తిరిగింది. భార్య తల పట్టుకుంది.

"వాడు మిమ్మల్నేం చేశాడండీ?" అంది అత్తగారు.

"ఏం చెయ్యలేదు. మీరు వాణ్ణి చిన్నబాబూ అంటారు."

ఇంత మీసమున్న మనిషి, ఆసుపత్రి వార్డులో, అందరి ముందూ అన్న మాట అది.

"అయితే మిమ్మల్ని పెద్దబాబూ అనమంటారా?"

"అక్కర్లేదు."

"బావుందమ్మా మీ అల్లుళ్ళ సంబడం!" అంది పక్క మంచం ముసలమ్మ.

అత్తగారికి నవ్వొచ్చింది గానీ నవ్వితే తుంటి లాగింది. "అదంతా తర్వాత చూసుకోండి. పొద్దున నన్ను లోపలికి తీసుకెళ్ళేలోపు ఆ పూలు ఎవరికిచ్చారో నాకు చూపించండి. తెలీకుండా నేను వెళ్ళను" అంది.

ఈయన షాపుకెళ్ళి తోడల్లుడు చెప్పిన సాఫ్ట్‌వేరే తెచ్చి, వరసలో ప్లేయరు పేరు మీద నొక్కాడు. ఇంకేదీ ముట్టుకోలేదు. వాడు చెప్పినట్టే దానంతటదే చేసుకుపోయింది. ఇంత సులువుగా అయినందుకు మళ్ళీ ఒళ్ళు మండింది. ఈసారి మాత్రం చివరిదాకా కూర్చుని చూశాడు.

పొద్దున స్ట్రెచర్ వచ్చేసింది. అత్తగారి చేతికి సూది గుచ్చి ఉంది, అందుకని ఈయనే పట్టుకున్నాడు. పైనా కిందా నల్లపట్టీలు. మామగారు నిజంగానే చిన్నగా వచ్చాడు. ఆ పక్కన చిన్నల్లుడు ఒళ్ళంతా నవ్వుగా నిలబడి ఉన్నాడు. మామగారు చెయ్యి చాచాడు. చిన్నల్లుడు పక్కకి తప్పుకున్నాడు. వెనకాల నుంచి రెండు చేతులొచ్చి పూలగుత్తి అందుకున్నాయి, ఆ వెనకే సిగ్గుతో ఒక మొహం.

"నేనే" అంది అత్తగారు. "చూశారా, నేనే."

"మీరే అత్తయ్యా."

"మళ్ళీ వెయ్యండి."

వేశాడు.

"చిన్నబాబు ఆ చొక్కాలో ఎంత బావున్నాడో" అంది.

ఈయన పళ్ళు కొరుక్కున్నాడు. నర్సు స్ట్రెచర్ నెట్టింది.

"ఇంకొక్కసారి, తలుపు దాకా" అంది అత్తగారు.

ఈయన స్ట్రెచర్ పక్కన నడుస్తూ, చెయ్యి కదలకుండా పట్టుకుని, తోడల్లుడు నవ్వే చోటికి మళ్ళీ వెనక్కి తిప్పాడు.