ముట్టుకోకూడని మోచేయి

డెబ్బైల తొలి సంవత్సరాలలో నేను విజయవాడ వన్ టౌన్‌లో, ఒక పప్పుల వ్యాపారి ఇంటి వెనుక గదిలో ఒంటరిగా అద్దెకుంటూ, బాలికల పాఠశాలలో పనిచేసేదాన్ని. ఒక వర్షాకాలం రిక్షా దిగుతూ జారిపడ్డాను. కుడి మోచేతి కీలు తప్పింది. ఆసుపత్రిలో సరిచేసి కట్టు కట్టారు. కట్టు విప్పాక చేయి వంగలేదు. ముద్ద నోటిదాకా అందేది కాదు. ఎడమచేత చెంచా పట్టి నలుగురిలో తినడం నాకు సమ్మతం కాదు గనుక విందులకూ, తోటి ఉపాధ్యాయినుల ఇళ్లకూ వెళ్లడం మానుకున్నాను.

ఇంటి యజమానురాలు ప్రతి సాయంత్రం వెచ్చచేసిన నువ్వులనూనెతో వచ్చేవారు. "ఓర్చుకోండి టీచరుగారూ. రోజూ పిల్లల్ని ఏడిపిస్తారుగా, ఇప్పుడు మీ వంతు" అంటూ మోచేతిని గట్టిగా పిసికి, బలవంతాన వంచేవారు. కన్నీళ్లు వచ్చేవి. అయినా ఆ గదిలోకి మరో మనిషి వచ్చే వేళ అదొక్కటే.

చేయి మరింత బిగుసుకుపోయింది. మళ్లీ ఆసుపత్రికి వెళితే, డాక్టరుగారు ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తి చూపారు. కీలు ముందున్న కండలో తెల్లగా, మబ్బుతునకలా ఏదో కనిపించింది.

"ఎముకమ్మా. ఉండకూడని చోట పెరుగుతోంది. మర్దన ఎవరు చేస్తున్నారు?"

చెప్పాను.

"ఎంత పిసికితే అంత పెరుగుతుంది. ఇక ఎవ్వర్నీ ముట్టుకోనివ్వొద్దు."

"కోసి తీసేయరాదా అండీ?"

"పచ్చిగా ఉండగా తీస్తే మళ్లీ మొలుస్తుంది. ముదరనివ్వాలి."

డాక్టరుగారి మాట ఇంటి యజమానురాలికి ఉన్నదున్నట్లు చెప్పాను. "అయితే నాది అంత పాడు చెయ్యి అన్నమాట" అని నూనెగిన్నె తీసుకుని వెళ్లిపోయారు. నేను వద్దన్నది మర్దన ఒక్కటే. ఆమె రావడమే మానేశారు.

ఏడాది దాటాక ఆ ఎముకను తొలగించారు. ఆ తర్వాతా ఇతరుల సాయం నిషిద్ధమే. నా బలంతో నేనే వంచుకోవాలి. ఉదయం, సాయంత్రం గోడవైపు తిరిగి కూర్చుని వంచేదాన్ని. చేయి పూర్తిగా చాపలేకపోయినా, ఒక సెలవునాడు వేళ్లు పెదవులను తాకాయి.

ఆ మధ్యాహ్నమే యజమానురాలి వంటింటి గడప దగ్గర నిలబడి, "ఇవాళ మీ ఇంట్లో భోంచేస్తానండీ" అన్నాను. ఒకరిని అలా అడగడం నాకు అదే మొదలు.

"చెంచా తియ్యనా?"

"అక్కర్లేదండీ."

విస్తరి వేశారు. మొదటి ముద్ద నోట పెట్టుకోగానే, "అబ్బ, అందిందే!" అన్నారు, ముఖమంతా నవ్వుతో. మారు వడ్డించడానికి వచ్చినప్పుడు మాత్రం, కొంగైనా నా మోచేతికి తగలకుండా చుట్టూ తిరిగి ఎడమవైపు నుంచి వంగారు.