మలుపు దగ్గర నిలబడిన మనిషి

దెయ్యాల కథలు ఎవరైనా చెబితే నవ్వేసే మనిషిని నేను. ఇప్పటికీ నమ్మను. అమెరికాలో పిస్కాటవే అనే ఊరి దగ్గర ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో ముప్పై ఏళ్ళు కెమిస్ట్‌గా పనిచేశాను. చూసింది రాయడం, చూడనిది రాయకపోవడం నా అలవాటు. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

ఎనభైల మొదట్లో మాట. మా ల్యాబ్‌లో డెనిస్ అనే అతనికి మోటార్‌సైకిల్ రేసుల పిచ్చి. అతని వెంట వెళ్ళి, పెన్సిల్వేనియా కొండల్లోని ఒక ట్రాక్‌లో నేనూ వాలంటీర్‌గా చేరాను. మలుపు దగ్గర నిలబడి, ముందు ప్రమాదం ఉంటే రైడర్లకి జెండాతోనో చేత్తోనో చూపించడం మా పని.

ఆ ఆదివారం ప్రొఫెషనల్ రేసు. పొద్దుటి నుంచీ వాన. అయినా వాన టైర్లు వేసుకుని బయల్దేరడానికి అందరూ సిద్ధమయ్యారు.

మా మలుపు ఒక మిట్ట దాటాక పల్లంలో ఉంటుంది. మిట్ట మీద డెనిస్, కింద నేను. వానకోటు టోపీ కింద ఎర్ర గళ్ళ తువ్వాలు తలకి చుట్టుకున్నాను. నన్ను ఎగతాళి చెయ్యడానికి రైడర్లకి ఆ తువ్వాలు బాగా పనికొచ్చేది.

రేసుకి కాస్త ముందు చూశాను. గట్టు మీంచి ఒక నీటిపాయ దిగి రోడ్డుకి అడ్డంగా పారుతోంది. మిట్ట అవతలి నుంచి వచ్చేవాళ్ళకీ, డెనిస్ నిలబడిన చోటికీ అది కనపడదు. ఆ వేగంలో దాని మీద చక్రం పడితే బండి చేతిలో ఉండదు. ఎడమ అంచున మాత్రం రోడ్డు కొంచెం ఎత్తు, అక్కడ నీళ్ళు నిలవలేదు.

మలుపు దగ్గరి ఫోన్‌లో రేసు నిర్వాహకులకి చెబుదామని పరిగెత్తబోయి గట్టు మీద జారాను. చీలమండ బెణికి, నిలబడలేకపోయాను. అంబులెన్స్ వాళ్ళు నన్ను ఎక్కించుకుంటుంటే నీటిపాయ సంగతి చెప్పాను. నా బదులు ఇంకొకరిని పంపిస్తామన్నారు. ఎవరినీ పంపలేదని తర్వాత తెలిసింది. మనుషులు చాల్లేదట.

ఫస్ట్ ఎయిడ్ టెంట్ అక్కడికి మైలు దూరం. రేసు చూడ్డానికి నాతో వచ్చిన మా ఆవిడ లలిత పరిగెత్తుకొచ్చింది. "వానలో ఈ బైకుల వెనకాల పడడం మీకు అవసరమా అండీ?" అంటూనే నా తల మీది తువ్వాలు విప్పి, అందులో ఐస్ చుట్టి కాలికి కట్టింది.

రేసు మొదలైంది. టెంట్ మీద వాన చప్పుడు, దూరంగా ఇంజన్ల హోరు. కళ్ళు మూసుకుంటే ఆ నీటిపాయే. 'ఎడమకి, ఎడమకి' అని లోపల అరుచుకుంటూ పడుకున్నాను. ఏ క్షణాన స్ట్రెచర్ వస్తుందో అని భయం.

ఒక్కరూ పడలేదు.

రేసయ్యాక, రెండో స్థానంలో వచ్చిన రైడర్ నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. తోలుసూట్ నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"థాంక్స్. ప్రతి ల్యాప్‌లో నువ్వు ఎడమకి చూపించకపోతే ఆ నీళ్ళలో పోయేవాణ్ణి" అన్నాడు.

నేను అక్కడ లేనన్నాను. నవ్వాడు. "తలకి ఆ ఎర్ర గుడ్డ కట్టుకునేది ఇంకెవరు?"

అంతలో నా కాలికి కట్టిన తువ్వాలు చూశాడు. నవ్వు ఆగిపోయింది. రేసు మొదలైనప్పటి నుంచీ ఈయన మంచం దిగలేదని లలిత చెప్పింది. అతను గ్లవ్ తీసి, నా భుజం గట్టిగా పట్టుకుని చూశాడు. తర్వాత వెళ్ళిపోయాడు.

డెనిస్‌దీ అదే మాట. మధ్యలో ఒకసారి మిట్ట అంచు నుంచి కిందికి తొంగి చూశాడట. "కాలు బాగయి తిరిగొచ్చేశావనుకున్నాను" అన్నాడు.

తిరిగి వస్తుంటే లలిత డ్రైవ్ చేసింది.

"వాళ్ళ ముందు చెప్పలేదు గానీ," అంది, "పిలిస్తే పలకలేదు మీరు. కళ్ళు మూసుకునే ఉన్నారు. చెయ్యి మాత్రం పైకి లేచి ఒక పక్కకి చూపిస్తోంది. చలికేమో అని కిందికి దించాను. మళ్ళీ లేచింది. ఎన్నిసార్లు దించినా లేచింది. ఇంజన్లు ఆగాకే పడింది."

నాకు అదేమీ గుర్తులేదు. ఆ రాత్రి చాలాసేపు నా చేతినే చూసుకుంటూ కూర్చున్నాను. మామూలు చెయ్యే.

ఎన్నో విధాల ఆలోచించాను. వివరణ దొరకలేదు, ఇక దొరుకుతుందన్న ఆశా లేదు. ఆ వానలో ఆ మిట్ట దిగిన వాళ్ళందరూ సాయంత్రానికి క్షేమంగా ఇళ్ళకి వెళ్ళారు. నాకు తెలిసింది అంతే.