పొట్టి రైఫిల్ ఎస్తేరమ్మక్క

గత మంగళవారం ఆఫీస్ మీటింగ్ మధ్యలో ఎస్తేరమ్మక్క కోడలు షామ్‌బర్గ్‌లోని తమ ఇంటి నుంచి ఫోన్ చేసి, "ఆంటీ, అత్తయ్య నిద్రలోనే వెళ్లిపోయారు" అంది. నేను ఆ పిల్లతో వాదనకు దిగాను. "ఎలా వెళ్తుందమ్మా? మొన్న ఆదివారమేగా ఫోన్‌లో నాతో అరగంట పోట్లాడింది!" అన్నాను. అటువైపు ఏడుపు వినిపించాక గానీ నా నోరు మూతపడలేదు. ఆ దుర్వార్త ఇప్పటికీ నా మనసుకు అంగీకారయోగ్యం కాలేదు.

భీమవరం దగ్గర పుట్టి, ముప్పయ్యేళ్లు ఈ పరాయిదేశపు ఆస్పత్రుల్లో నర్సుగా ఎందరి ప్రాణాలకో కాపు కాసిన ధన్యజీవి ఆమె. ఈ కమ్మింగ్ ఊళ్లో మా వీధే. మన తెలుగు చర్చిలో ఆమె ప్రార్థన విన్నవాళ్లే వెనక "తుపాకీ ఆంటీ" అని నవ్వారు. ఆమె వండి తెచ్చిన జింక మాంసం కూర మూడోసారి వడ్డించుకుంటూ "ఆడవాళ్లకిదేం పిచ్చి" అన్న పెద్దమనుషులు నాకు బాగా గుర్తు. ఇది సంతాప సమయం కనుక పేర్లు రాయడం లేదు.

ఆమె వేట రైఫిల్ చూడవలసిన వస్తువు! పొట్టి గొట్టం, దాని కొసదాకా కింద పరుచుకున్న వాల్‌నట్ చెక్క, ప్రతి తూటాకూ చేత్తో వెనక్కి లాగి ముందుకు తోయాల్సిన బోల్ట్. నాలుగడుగుల పదకొండంగుళాల మనిషికి కొలిచి చేసినట్టుండేది. "మిగతా రైఫిళ్లు గొట్టం బయటేసుకు తిరుగుతాయే సుభద్రా! ఇది మా అత్తగారిలా నిండా కప్పుకుంటుంది" అనేది. నాలాంటి నోటి దురుసు మనిషికి రెండేళ్లు ఓపికగా గురి నేర్పిన గురువు. "ఉన్నది ఒక్క తూటాయే అనుకో. అప్పుడు చెయ్యి మాట వింటుంది" అన్నది ఆమె మొదటి పాఠం.

నిరుడు దసరాకి ఆమె గుండె పరీక్షల కోసం షామ్‌బర్గ్‌లో కొడుకు దగ్గరకి వెళ్తూ రైఫిల్‌ని మా ఇంటి తుపాకుల బీరువాలో పెట్టి తాళం వేయించింది. ఆయుధపూజ నాడు నేను కారుకీ లాప్‌టాప్‌కీ బొట్టు పెట్టి, నిజమైన ఆయుధం ఇంట్లో ఉండగా దాన్ని వదిలేస్తానా? తడిబట్టతో తుడిచి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి నీళ్లు దాని మీద పోశాను. పైన తుడిచేసి మళ్లీ బీరువాలో నిలబెట్టాను. ఆమెకి చెప్పలేదు.

ఆమె తిరిగొచ్చాక, వేట సీజన్‌కి ఆరు రోజుల ముందు, తుపాకీ గురి చూసుకునే రేంజ్‌కి ఇద్దరం వెళ్లాం. వంద గజాల్లో మూడు తూటాలూ అరచేతిలో ఇమిడేలా కొట్టే మనిషి. ఆ రోజు ఒకటి జానెడు పక్కకి పోయింది. రెండోది ఇంకా దూరం. మూడోది గురి అట్టకే తగల్లేదు. ఆమె బోల్ట్ తెరిచి, రైఫిల్‌ని బల్ల మీద పెట్టి, తన కుడిచెయ్యి ఎత్తి చూసుకుంది.

"అయిపోయిందే సుభద్రా. డాక్టర్ చెప్తూనే ఉన్నాడు. గుండెతోపాటు చెయ్యి కూడా పోయింది. దీన్ని అమ్మేస్తాను."

నా జీవితంలో తప్పు నాదని ఒప్పుకున్న సందర్భం లేదు. కావాలంటే మా ఆయన్ని అడగండి. ఆ రోజు నోరు తెరిచాను.

"అక్కా, చెయ్యి నీది బాగానే ఉంది. తప్పు నాది. దీనికి పూజ చేశాను."

"పూజ చేస్తే గురి తప్పుతుందా?"

"కొబ్బరినీళ్లు పోశాను."

 ఆమె పర్సులోంచి చర్చి కాగితం తీసి, ముక్క చించి గొట్టానికీ చెక్కకీ మధ్య దూర్చింది. మామూలుగా ఇట్టే జారిపోయేది కొసన ఇరుక్కుపోయింది. నీళ్లు తాగి ఉబ్బిన చెక్క గొట్టాన్ని పక్కకి నొక్కుతోంది!

"ముందే చెప్పి చావొచ్చుగా! నేను చచ్చానే అనుకున్నాను కదే!" అని బల్ల మీద కొడుతూ నవ్వింది. పక్క బల్లల దగ్గర తెల్లవాళ్లు తుపాకులు దించి చూశారు. "మీ దేవుడికి నా మీద కోపమేం లేదే. నీకే బుద్ధి లేదు."

మా డైనింగ్ టేబుల్ మీద మరలు విప్పి చెక్క ఊడదీస్తే లోపల పసుపు చారలు. మూడు రోజులు ఫ్యాన్ కింద ఆరబెట్టి, గరుకు కాగితంతో ఉబ్బు తీసి, మళ్లీ నీళ్లు పట్టకుండా లోపలంతా నూనె పట్టించింది. శుక్రవారం రేంజ్‌లో మూడు చిల్లులు ఒకదాన్నొకటి ఆనుకుని పడ్డాయి. ఈసారి బల్ల గుద్ది కేకేసింది నేనే.

శనివారం పొద్దున్నే మిగతా వేటగాళ్లకి కనబడేలా నారింజరంగు జాకెట్లు వేసుకుని తెలిసినవాళ్ల అడవిలో కూర్చున్నాం. ఓక్ చెట్ల మధ్యనుంచి కొమ్ముల జింక వచ్చింది. నేను ఊపిరి బిగబట్టాను. ఆమె తొందరపడలేదు. అది పక్కకి తిరిగేదాకా ఆగి, ఒక్క తూటా! జింక ఇరవై అడుగులు పరిగెత్తి కూలింది. అక్క డాక్టర్ వద్దన్న గంతు ఒకటి వేసి, కుడిచెయ్యి నా ముందు చాపింది.

"పట్టుకుని చూడు. వణుకుతోందా?"

"లేదక్కా."

"మరి నువ్వెందుకే వణుకుతున్నావు?"

 నన్ను నిరుత్తరను చేయగలిగిన మనిషి ఈ దేశంలో ఆమె ఒక్కతే.

ఆ సీజన్ ఆమెకి ఆఖరిదని అప్పుడు మాకు తెలియదు. తన చెయ్యి తనని మోసం చేసిందన్న దిగులుతో మాత్రం ఆమె వెళ్లలేదు. ఆ ధీశాలినికి, ఆ స్నేహమయికి కన్నీటితో నమస్కరిస్తున్నాను. అక్కా, నేను ఇకముందూ తప్పులు చేస్తాను. ఒప్పుకుంటే అంత గట్టిగా నవ్వే మనిషిని ఎక్కడ వెతుక్కోను?