కదలలేని రోగి, ఎంపీగారి ఉత్తరం

1973. నాందేడ్ స్టేషన్‌లో నేను రిజర్వేషన్ క్లర్కును. బొంబాయి దారిలో మన్మాడ్ వైపు వెళ్ళే బండిలో మాకు ఎమర్జెన్సీ కోటా కింద రెండే బెర్తులుండేవి. అంటే ప్రాణం మీదికి వచ్చినవాళ్ళ కోసం ఆపి ఉంచినవి. నిజానికి అవి ఎక్కువగా ఎంపీల ఉత్తరాలకే పోయేవి.

ఆ సాయంత్రం కుండల్‌వాడి రైతు లసుమన్న, భార్య పోసానితో వచ్చాడు. ఆమెకు కడుపులో గడ్డ. ఎల్లుండి బొంబాయిలో ఆపరేషన్. ఈ తారీఖు తప్పితే మళ్ళీ ఎన్ని నెలలకో.

"కూసుంటె నొప్పికి తాళది సార్. పండుకోని పోవాలె," అన్నాడు.

నేను బెర్తులు రాయబోతుండగా, పాన్ నములుతూ ఓ దిట్టమైన మనిషి ఉత్తరం ముందుకు తోశాడు. ఒక ఎంపీగారిది. మా జిల్లావారు కాదు, అంతకు మించి చెప్పను. ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టి అనుచరులకు పంచడం ఆయనకు అలవాటు. 'తీవ్ర రోగి, కదలలేడు, తోడు ఒకరు' అని ఉంది.

"రోగి ఎవరు?" అన్నాను.

"నేనే!" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది, భయమూ వేసింది. మా సీనియర్ గంగారాం సార్ ఉత్తరం చదివి, లేచి దండం పెట్టారు.

"అయ్యో, గిట్లెట్ల నడిచొచ్చిన్రు? ఎంపీసాబ్ కదలలేడని రాసిన్రు గదా! ఏయ్, స్ట్రెచర్ తెండ్రి! డాక్టర్‌సాబ్‌ను పిలువున్రి. ఆయన చూసి రాసిస్తెనే బండెక్కించుడు."

హమాలీలు స్ట్రెచర్ తెచ్చారు. జనం గుమిగూడారు. "నాకేం గాలె, ఛోడో!" అంటూ రోగి గేటు దాటి పరుగు లంకించుకున్నాడు. బెర్తులు లసుమన్న దంపతులకు రాశాను. నా సర్వీసులో అంత సంతోషంగా ఇంకే టికెట్టూ రాయలేదు.

వారం తిరక్కుండానే ఎంపీగారే గంగారాం సార్ ముందు ఊడిపడ్డారు.

"నా మనిషి ఇజ్జత్ తీస్తవా? నా లెటర్‌కు గింతేనా కదర్, గింతేనా మర్యాద?"

"మీ లెటర్‌ల ఒక్క మాట గుడ అనుమానించలే సాబ్. రాసిందంత నమ్మిన. ఇగ నమ్మొద్దంటె, గది గుడ రాసియ్యున్రి," అని సార్ తెల్లకాగితం జరిపారు.

ఎంపీగారు కలం తీయలేదు. రెండు నెలలకు సార్‌కు దూరపు స్టేషన్‌కు బదిలీ అయింది. నవ్వుతూనే వెళ్ళారు.

పెద్దవాళ్ళ అబద్ధాన్ని ఎదిరించాలంటే గొంతు పెంచాలనుకునేవాణ్ణి. దాన్ని అక్షరాలా నమ్మితే చాలని ఆయన దగ్గర నేర్చుకున్నాను. దానికి ఎంత మూల్యం చెల్లించాలో కూడా చూశాను. తరువాత ఓ రోజు పోసాని మా కిటికీ ముందుకొచ్చింది.

"పెద్దసార్ లేడా? నాకు మంచిగైందని జెప్పున్రి," అంది.

ఆ రోజే సార్‌కు ఉత్తరం రాశాను.